ఎవరు పోయారమ్మా?

మొన్నొకరోజు పొద్దున్నే మా పామర్రు వీధిలో మైకులోంచి ఘంటసాల గారి భగవద్గీత వినిపించింది. పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి తొంగిచూసి, "ఎవరు పోయారమ్మా?" అని అడిగారు. ఆవిణ్ణి అని ఏం లాభం? నాకూ మొదట వచ్చిన అనుమానం అదే! గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, ఊరూరా తెలుగు పాట వినిపించిన గొంతుకి ఆఖరికి మనం అప్పగించిన ఉద్యోగం చావుకబురు చెప్పడం.

మనసు చివుక్కుమన్నప్పుడల్లా నేను చేసే పని ఒకటుంది. ఆయన కచేరీ వింటాను. 1971లో ఆయన యూరప్, అమెరికా దేశాలు తిరిగి కచేరీలు చేశారు. అమెరికాలో పాడినదొకటి ఏళ్ళ కిందట మా ఆడపడుచు ఇంట్లో టేపు మీద విన్నాను. మొదట ఉసూరుమనిపించింది. సినిమా పాటలో ఉండే ఆ వయొలిన్ల జోరేదీ, ఆ హంగామా ఏదీ? హార్మోనియం, తబలా లాంటి కొద్దిపాటి వాయిద్యాలు, మధ్యలో ఎవరిదో దగ్గు. కాస్సేపటికి గాని తెలిసిరాలేదు, ఇన్నాళ్ళూ మనం ఆ పాటల్లో ఇష్టపడ్డది ఈ గొంతులో పలికే మాటనేనని.

అవును, మాటే. ఆయన నోట తెలుగు మాట నలగదు. వత్తులు వత్తుల్లాగే పలుకుతాయి. అర్థం ఆగినచోటే ఊపిరీ ఆగుతుంది. మా దివిసీమ, గుడివాడ వైపు పాతకాలం వాళ్ళకి పద్యమంటే నాటకం పద్యమే. చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తూనే ఉండాలి, జనం వన్స్ మోర్ అంటూనే ఉండాలి. చచ్చిపడిన పాత్ర లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేదని మా తాతయ్య నవ్వించేవారు. ఘంటసాల గారు ఆ రాగాన్ని పద్యానికి ఎంత కావాలో అంతకే కుదించారు. అలాగని సంగీతం రాకనా? విజయనగరంలో మధూకరం ఎత్తుకుని తింటూ శాస్త్రీయంగా నేర్చుకున్న మనిషి. తండ్రి సూరయ్య గారు తరంగాలు పాడేవారు. తరంగం వినడానికొచ్చిన నలుగురికీ మాట అందకపోతే భజన సాగదు కదా! ఆ పాఠం ఇంట్లోనే అబ్బి ఉంటుందని నా ఊహ.

జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపం' చూడండి. పూజకి పూలు కోయబోయినవాణ్ణి పూలే నిలదీస్తాయి. 'కుంతీకుమారి'లో కన్నబిడ్డని గంగపాలు చెయ్యవలసివచ్చిన పిల్లతల్లి గోడు. రెండూ ఆయన గొంతులోనే ఇంటింటా నిలిచాయి. ఏడుపు అభినయించరు. తాను కాస్త పక్కకి తప్పుకుని, మాటని ఏడవనిస్తారు. అది విన్న రోజున మా అమ్మ పూలు కోయడం మానలేదు గాని, ప్రతి చెట్టుకీ ఒక పువ్వు వదిలెయ్యడం మొదలుపెట్టింది. అంతకంటే పెద్ద విమర్శ నేను రాయలేను.

లోపం లేదా అంటే, నాకొకటి తోస్తుంది. ఆయన గొంతులో కరుణ పాలు ఎక్కువ. పుష్పవిలాపంలో పూలకి బాధే కాదు, కోపం కూడా ఉంది. ఆ కోపం ఆ తీపిలో కొంత కరిగిపోతుంది. విన్నవాళ్ళకి కళ్ళనీళ్ళు వచ్చినంతగా సిగ్గు రాదు.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా ఆయనకి గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రిలో చాలా రోజులుండవలసి వచ్చింది. అప్పటికే చక్కెర వ్యాధి. పాట వినడమంటే వన్స్ మోర్ అనడమే అనుకునే మనం, ఆ పాట వెనక ఒక ఒళ్ళు ఉందని, అది అలుస్తుందని ఎప్పుడైనా అనుకున్నామా? 1974 ఫిబ్రవరి 11న పోయేనాటికి ఆయనకి 51 ఏళ్ళు.

భగవద్గీత ఆ చివరి రోజుల్లో పాడినది. శ్లోకం పాడి, తాత్పర్యం తెలుగులో చెబుతారు. ఓపిక తగ్గిన మనిషి, విల్లు కింద పడేసి కూలబడ్డవాడికి 'లే, నీ పని నువ్వు చెయ్యి' అని చెప్పిన మాటలు వినిపిస్తున్నాడు. బతికున్నవాళ్ళ కోసం పాడినదాన్ని శవం ముందు పెట్టి, మనం మాత్రం చెవులు మూసుకుంటున్నాం.

నిన్న పొద్దున్న మా వంటింట్లో అదే పెట్టుకున్నాను. పిట్టగోడ మీంచి పిన్నిగారి తల కనిపించింది.

"ఎవరింట్లోనమ్మా?"

"మా ఇంట్లోనే పిన్నిగారూ. ఎవరూ పోలేదు, గారెలకి పప్పు రుబ్బుతున్నాను."

ఆవిడ కాసేపు అనుమానంగా చూశారు. తర్వాత అక్కడే నిలబడి, ఆ శ్లోకమూ, దాని తాత్పర్యమూ పూర్తయ్యేదాకా విన్నారు.