పస్పశాహ్నికము - అధ్యేతృస్వాతంత్ర్యము

భాషాధ్యయనమున లక్ష్యమును నిర్ణయింపవలసినవాఁ డాచార్యుఁడా, అధ్యేతయా యను ప్రశ్నము నూతనమైనదిగాఁ దలఁపఁబడుచున్నది. 1979లో ఐరోపా మండలికై ఆన్రీ హోలెక్ రచించిన నివేదిక, తన చదువుభారమును దానే వహింపఁగల శక్తి యధ్యేతృస్వాతంత్ర్యమని నిర్వచించి, లక్ష్యనిర్ణయమును, విషయక్రమమును, పద్ధతులను, ఫలపరీక్షను నతని యధీనము చేసినది. ఈ విచారమునకుఁ దగిన ప్రాచీనస్థానము పతంజలి మహాభాష్యమున మొదటిదగు పస్పశాహ్నికము.

వ్యాకరణప్రయోజనములుగా భాష్యకారుఁడు రక్ష, ఊహము, ఆగమము, లఘుత్వము, అసందేహము నను నైదింటిని జెప్పి, పిమ్మట మఱికొన్నిటిని జేర్చెను. ఈ యైదింటిని బండితు లందఱు నెఱుఁగుదురు. అవి యేల చెప్పవలసివచ్చెనో యంతగాఁ బాటింపరు. పూర్వకాలమున నుపనయనానంతరము వ్యాకరణము చదివెడివారనియు, తరువాతివారు వేదమును త్వరగా ముగించి, "వైదికశబ్దములు వేదమువలనను, లౌకికశబ్దములు లోకమువలనను దెలిసినవి, వ్యాకరణ మనర్థకము" అనుచున్నారనియు భాష్యమే తెలుపుచున్నది. అట్టి విరుద్ధబుద్ధులను భాష్యము నిందింపలేదు. ఆచార్యుఁడు మిత్రుఁడై వారికి బోధించుచున్నాఁ డని పలికినది. కావున "ఎందులకు?" అను ప్రశ్న మవినయము గాదు, అది యధికారిలక్షణము.

అయినను లోప మొకటి కలదు. ఆ ప్రయోజనము లధ్యేత యెన్నుకొన్నవి కావు; ప్రధానముగా వైదికుని యక్కఱకుఁ దగినవి, ఆచార్యునిచే నుపదిష్టములు. ఇంతమట్టునకు హోలెక్ మతము భాష్యమును మించినది. కాని యైదింటిలో నూహము ఈ లోపమును గొంత తీర్చుచున్నది. మంత్రములు సర్వలింగవిభక్తులతోఁ బఠింపఁబడలేదు. అగ్నికిఁ జెప్పిన మంత్రమును సూర్యునకుఁ జెప్పవలసినపుడు చతుర్థ్యంతమగు నగ్నిశబ్దమునకు మాఱుగాఁ జతుర్థ్యంతమగు సూర్యశబ్దము నుంచవలసినవాఁడు ప్రయోక్తయే. గురువు చెప్పనిచోటఁ దగినదానిఁ దాన చేయుటకంటె స్వాతంత్ర్య మేది? మఱియు విద్య ఆగమ, స్వాధ్యాయ, ప్రవచన, వ్యవహారకాలములు నాల్గింట నుపయుక్త మగునని భాష్యము. వానిలో గురుముఖమునఁ గడచునది యొక్కటియే.

తెనుఁగు బడులలోఁ జిరకాలము పఠింపఁబడిన బాలవ్యాకరణమునకు నీ దృష్టి వర్తించును. చిన్నయసూరి వర్ణసంఖ్యతోనే సంజ్ఞాపరిచ్ఛేదము నారంభించెను. ప్రయోజనవిచార మందు లేదు. సంగ్రహగ్రంథమున కది దోషము గాదు. దానిని బూరింపని బోధకునిదే దోషము. "సంధిపరిచ్ఛేదము ముగింపుము" అనుట పాఠవిభాగమే కాని లక్ష్యము గాదు. భాగవతమున మునుపు చదువని యొక ఘట్టమును బక్షదినములలోఁ దనంతఁ దాను బదవిభాగము చేయఁగలుగుట లక్ష్యము. అది నెఱవేఱెనో లేదో విద్యార్థియే పరీక్షించుకొనఁగలఁడు. ప్రథమావిభక్తిపై నున్న పరుషములకు గసడదవాదేశమును సూరి బహుళముగా విధించెను. "వాఁడు గొట్టె" అను నుదాహరణము నేర్చినవాఁడు "వారు వోయిరి" యని తాన యూహింపవలెను. ఎచ్చట నాదేశము వచ్చునో, ఎచ్చట రాదో కవిప్రయోగములఁ దాన వెదకవలెను. బహుళ మను నా యొక్కమాటయే విద్యార్థిని గావ్యములలోనికిఁ బంపుచున్నది. సూత్రమును మాత్రము వల్లింపించి యూరకుండు బోధకుఁ డా మార్గమును మూసివేయుచున్నాఁడు.

కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునుగాని, శబ్దములు కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి చేసి యిమ్మని యడుగఁడని భాష్యకారుఁడే చెప్పెను. శబ్దములు లోకమునఁ గలవు. శాస్త్రము సాధ్వసాధువివేకము నిచ్చును. తన లక్ష్యము నెఱిఁగిన విద్యార్థికి వ్యాకరణము సాధనము, ఎఱుఁగనివానికి సూత్రభారము.