అర్హులైన ఆకలి

కెన్ లోచ్ సినిమా 'ఐ, డేనియల్ బ్లేక్' (2016) గురించి మాట్లాడేవాళ్లంతా ఒక సీన్ దగ్గర ఆగుతారు. న్యూకాసిల్‌లో ఒక ఫుడ్ బ్యాంక్. ఇద్దరు పిల్లల తల్లి కేటీ అరల మధ్య నడుస్తూ సరుకులు తీసుకుంటూ ఉంటుంది. ఉన్నట్టుండి పక్కకి తిరిగి, ఒక బీన్స్ డబ్బా మూత లాగి, చేతిలో పోసుకుని తినేస్తుంది. ఏం చేసిందో తనకే అర్థమయ్యేసరికి కుప్పకూలిపోయి ఏడుస్తుంది. పిల్లలకి పెట్టి తను పస్తులుంటోందని మనకి అప్పటికే తెలుసు.

మొదటిసారి చూసినప్పుడు నేనూ ఏడ్చాను. ఈమధ్య మళ్లీ చూశాను. ఈసారి ఏడుపుతో పాటు ఒక అనుమానం కూడా వచ్చింది. పేదవాళ్ల తరఫున ఇంత గట్టిగా వాదించిన సినిమా, అసలు పాయింటు అవతలివాళ్లకే వదిలేసిందా?

డేనియల్ 59 ఏళ్ల వడ్రంగి. గుండెపోటు వచ్చింది, డాక్టర్లు పనికి వెళ్లొద్దన్నారు. కానీ ప్రభుత్వ భృతి రావాలంటే వేరే పరీక్షలో పాయింట్లు రావాలి. తెర ఇంకా నల్లగా ఉండగానే ఆ ప్రశ్నలు వినిపిస్తాయి. చెయ్యి పైకెత్తగలరా, అంత దూరం నడవగలరా. ఇతనేమో నా గుండె సంగతి అడగమంటాడు. ఆవిడ ఫారం దాటి రాదు. కేటీది ఇంకో కథ. లండన్ హాస్టల్ నుంచి ఊరుకాని ఊరు పంపించారు, బస్సు తప్పి అపాయింట్‌మెంట్‌కి ఆలస్యంగా వచ్చిందని డబ్బులు ఆపేశారు.

నా ఉద్యోగం ఇలాంటి ఫారాలు తయారుచేయడమే. ఏ గడి పక్కన నక్షత్రం గుర్తు పెట్టాలి, ఏ జవాబుకి స్క్రీన్ ముందుకి కదలకూడదు, ఇవి రాసేది మాలాంటివాళ్లే. 'ఇతర కారణాలు' అన్న ఒక్క గడి ఉంచడానికి మీటింగుల్లో పోట్లాడిన రోజులున్నాయి. అందుకే లోచ్, పాల్ లావర్టీ (స్క్రిప్ట్ రాసిందాయన) ఆ ఫారాన్ని పట్టుకున్న తీరుకి నా దగ్గర అభ్యంతరం లేదు. పేచీ అంతా ఆ ఫారం ముందు వాళ్లు నిలబెట్టిన మనుషులతోనే.

డేనియల్ మంచివాడు, మరీ మంచివాడు. బతికినంతకాలం కష్టపడ్డాడు, జబ్బుపడ్డ భార్యకి చివరిదాకా సేవ చేశాడు, కేటీ పిల్లలకి చెక్కతో చేపలు చేసిస్తాడు. కేటీ దొంగతనం చేస్తుంది. అయితే దొంగిలించింది శానిటరీ ప్యాడ్లు, ఫుడ్ బ్యాంకులో దొరకనివి. అంటే తప్పు చేయకముందే క్షమాపణ సిద్ధంగా ఉంది. మన పాత సినిమాల్లో తల్లి కుట్టుమిషన్ తొక్కి కొడుకుని చదివిస్తే తప్ప మనకి జాలి వచ్చేది కాదు గుర్తుందా? ఇదీ అదే లెక్క. వీళ్లు ఏ పరీక్షకైనా నిలుస్తారు. అందుకే పరీక్ష తప్పు అని సినిమా అన్నప్పుడు, మనకి వినిపించేది 'వీళ్ల విషయంలో పరీక్ష తప్పింది' అని మాత్రమే.

ఈ తేడా నాకు సినిమాలో కన్నా ముందు మా ఇంట్లో తెలియాల్సింది. 2023లో మా బాబాయి కొడుకు కెనడాలోని బ్రాంప్టన్‌లో చదువుతూ ఒక ఫుడ్ బ్యాంకుకి వెళ్లాడు. ఆ సంగతి ఫ్యామిలీ గ్రూపులో తెలిసిపోయింది. "చదువుకోడానికి వెళ్లి సత్రంలో తింటావా?" అన్నారు పెదనాన్న. "బ్యాంకులో చూపించిందంతా అప్పే పెదనాన్నా" అన్నాడు వాడు. నేనేమో, "నిజంగా అవసరమున్నవాళ్ల వంతు తీసుకున్నావ్ రా" అని పెట్టాను.

నిజం చెప్పాలంటే, వాడు ఆకలితో పడిపోయే స్థితిలో లేడు. చేతిలో మంచి ఫోనే ఉంది. సరుకులు అక్కడ తెచ్చుకుంటే అద్దెకి సరిపోయేది, అంతే. ఆ ఏడాదే ఆ ఊళ్లో ఒక ఫుడ్ బ్యాంక్ విదేశీ విద్యార్థులకి ఇక ఇవ్వమని ప్రకటించింది. వాళ్లని తిట్టలేను. అరల్లో ఉన్నది అందరికీ రాదు, ముసలివాళ్లూ పిల్లలున్నవాళ్లూ వరసలో ఉన్నారు. చదువుకోడానికి వచ్చేవాడు ఫీజు కాక 10,000 కెనడా డాలర్లు చూపించాలన్నది రూలు, కాబట్టి కాగితం మీద వాడికి అవసరం లేదు. కానీ ఆ అంకె 2000ల మొదట్లో పెట్టింది, ఖర్చులకి తగ్గట్టు పెరగలేదని అక్కడి ప్రభుత్వమే ఒప్పుకుని, 2024 జనవరి నుంచి 20,635 చేసింది. అంటే మావాడు వెళ్లినప్పుడు కాగితం ఒకటి చెప్పింది, వంటగది ఇంకోటి చెప్పింది.

మళ్లీ ఆ బీన్స్ డబ్బా దగ్గరికి వద్దాం. లోచ్ ఆ సీన్ నిజమైన ఫుడ్ బ్యాంకులో, అక్కడి వాలంటీర్లతోనే తీశాడు. వాళ్లు కేటీని దగ్గరికి తీసుకుంటారు, అర్హత సంగతి అడగరు. సినిమాలో ఫారం లేని చోటు అదొక్కటే అనుకున్నాను మొదటిసారి. కానీ బ్రిటన్‌లో ట్రస్సెల్ నెట్‌వర్క్ ఫుడ్ బ్యాంకులకి వెళ్లాలన్నా మామూలుగా డాక్టరో, స్కూలో, ఏదో ఒక సంస్థో ఇచ్చిన వోచర్ కావాలి. ప్రశ్నలు ఇంకెక్కడో ముందే అయిపోయి ఉంటాయి. పైగా, ఆ సీన్ ఎంత గొప్పదంటే, అదే ఇప్పుడు నా బుర్రలో కొత్త ఫారం అయి కూర్చుంది. కేటీలా కుప్పకూలితేనే ఆకలి, అద్దె కోసం సరుకులు తెచ్చుకుంటే మోసం. మావాడికి నేను పెట్టిన మెసేజ్ అక్కణ్ణించే వచ్చింది.

సినిమాలో చైనా అని ఒక పక్కింటి కుర్రాడున్నాడు. చైనా నుంచి బ్రాండెడ్ బూట్లు దొంగదారిలో తెప్పించి రోడ్డు మీద అమ్ముతాడు. హుషారైనవాడు, కొంచెం మాయగాడు. లోచ్‌కి వాడంటే ఇష్టమే. అయినా వాడిని మాత్రం ఆ క్యూలో నిలబెట్టలేదు. నిలబెట్టి ఉంటే సినిమా ఇంత ఏడిపించేది కాదేమో, కానీ న్యాయం గురించి అసలు ప్రశ్న అక్కడ మొదలయ్యేది.

సినిమా అయ్యాక మావాడికి సారీ అని పెట్టాను. "దేనికన్నా?" అన్నాడు. వాడు మర్చిపోయాడో, మర్చిపోయినట్టు నటించాడో అడగలేదు.