పట్టాల కింద తోవ

మేడ్చల్ మీదుగా నిజామాబాద్ పోయే రైలు లైను మీద, 2014 జులై 24న మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో బడి బస్సును రైలు ఢీకొట్టింది. ఆ పొద్దు తలుచుకుంటే, అలాంటి గేట్లకు బదులు పట్టాల కింద తోవ తీసే మనుషులకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

వాళ్ల పని చూడండి. రైలుకట్ట పక్కన గుంత తీసి, కాంక్రీటు పరుపు పోసి, దాని మీదే ఇనుప చువ్వలు కట్టి మనిషిని మించిన ఎత్తున, తోవ కాబోయే పెట్టె పోస్తారు. అది గట్టిపడ్డాక వెనక జాకీలు పెట్టి కట్టలోకి కొంచెం కొంచెంగా నెడతారు. ముందున్న ఉక్కు అంచు మట్టిని కోస్తుంటే, లోపలున్న కూలీలు ఆ మట్టి ఎత్తిపోస్తారు. ఎక్కువ తీస్తే పైన పట్టా కుంగుతుంది. తక్కువ తీస్తే పెట్టె మొండికేస్తుంది. ఎడమ జాకీ కాస్త ఎక్కువ నెట్టినా పెట్టె కుడికి తిరుగుతుంది. అందుకే సర్వే చేసే మనిషి దానిమీంచి కన్ను తీయడు. అంతసేపూ నెత్తిమీద, వేగం తగ్గించుకుని, రైళ్లు నడుస్తూనే ఉంటాయి! రైల్వే పనుల్లో నాకు ఇంతకన్నా ఓపికైన విద్య కనబడలేదు.

ఇక నీళ్ల సంగతి. ఊళ్లో వాననీరంతా పల్లంలో ఉన్న ఈ తోవకే చేరుతుంది కాబట్టి అడ్డకాలువ, సంపు, మోటారు సరిగా అమర్చిన మేస్త్రీకీ అంతే దండం. జోరువాన వెలిసిన తెల్లారి ఆ తోవలో స్కూలు ఆటో తడవకుండా దాటిపోతుంది.