పథేర్ పాంచాలి: ఏ డిస్కు ఏ ఫిల్ము నుంచి వచ్చింది?

సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955)కి డీవీడీలు ఉన్నాయి, బ్లూ-రే ఉంది, 4కె డిస్కూ ఉంది. వీటిని పోల్చేటప్పుడు పెట్టె మీద అచ్చువేసిన అంకెలు అంతగా అక్కరకు రావు. బొమ్మకు ఎన్ని అడ్డగీతలున్నాయి, డిస్కులో ఎన్ని గిగాబైట్లు పడతాయి అనేవి తర్వాత అడగాల్సినవి. ముందుగా తేలాల్సింది, ఆ బొమ్మను ఏ ఫిల్ము మీంచి ఎత్తారన్నది. ఈ సినిమా విషయంలో దానికి జవాబు ఒక్కో డిస్కుకు ఒక్కో రకంగా ఉంటుంది. ఒకే డిస్కులో సైతం ఒక షాటుకూ మరో షాటుకూ మారిపోతుంది.

కెమెరాలో తిరిగిన ఫిల్మే అసలు నెగెటివ్. దాన్ని మాటిమాటికీ వాడితే అరిగిపోతుంది కాబట్టి, ల్యాబులో దాని నుంచి సన్నటి రేణువులుండే ఫైన్‌గ్రెయిన్ పాజిటివ్ ఒకటి తీసి దాచుకుంటారు. దాని నుంచి డూప్ నెగెటివ్, ఆ డూప్ నుంచి థియేటర్లకు వెళ్లే ప్రింట్లు పుడతాయి. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు, మెట్టు దిగిన ప్రతిసారీ బొమ్మలో కొంత పోతుంది. నీడల్లోని వివరం నల్లగా ముద్దకడుతుంది, వెలుగులోది తెల్లగా పాలిపోతుంది, రెంటి మధ్య ఉండే బూడిద ఛాయలు తగ్గిపోతాయి. ‘పథేర్ పాంచాలి’ అందమంతా ఉన్నది ఆ బూడిద ఛాయల్లోనే. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రాకు ఇదే మొదటి సినిమా. కలకత్తా దగ్గరి బొరాల్ గ్రామంలో మబ్బు పట్టిన పగటి వెలుతురును, చెట్ల కింది మెత్తని నీడను ఆయన చిత్రించారు. మూడు నాలుగు మెట్లు దిగిన ప్రింటులో ఆ మెత్తదనం నిలవదు. కథ అర్థమవుతుంది, ఊరు కనిపిస్తుంది, ఆ వెలుతురు మాత్రం ఉండదు.

1992లో రాయ్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చే సందర్భంలో, సభలో చూపడానికి ఆయన సినిమాల నుంచి తునకలు ఏర్చబోతే శుభ్రమైన ప్రింట్లు దొరకడమే కష్టమైంది. ఆ ఏడాది ఏప్రిల్ 23న రాయ్ కన్నుమూశారు. సినిమాలను బాగుచేయించేందుకు అసలు నెగెటివ్‌లను లండన్‌లోని హెండర్సన్స్ ల్యాబుకు పంపారు. 1993 జులైలో ఆ ల్యాబు అంటుకుంది. అపు త్రయంలోని మూడు సినిమాల (‘పథేర్ పాంచాలి’, ‘అపరాజితో’, ‘అపుర్ సంసార్’) నెగెటివ్‌లూ ఆ మంటల్లో చిక్కుకున్నాయి. మాడిన ముక్కలను, కరిగి అతుక్కుపోయిన రీళ్లను పారేయకుండా ఆస్కార్లు ఇచ్చే అకాడమీకి చెందిన, లాస్ ఏంజెలిస్‌లోని ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేర్చారు. వాటితో ఏం చేయవచ్చో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అట్టే పెట్టడమే ఈ కథలో అన్నిటికన్నా విలువైన నిర్ణయం.

అగ్నిప్రమాదం తర్వాతి రెండు దశాబ్దాల్లో వచ్చిన ఇంటి ప్రతులన్నీ మిగిలిన కాపీల మీదే ఆధారపడ్డాయి. 1995లో మర్చంట్ ఐవరీ, సోనీ పిక్చర్స్ క్లాసిక్స్ కలిసి రాయ్ సినిమాలను అమెరికా థియేటర్లలో మళ్లీ విడుదల చేశాయి. సోనీ డీవీడీలు 2003లో వచ్చాయి. బ్రిటన్‌లో ఆర్టిఫిషియల్ ఐ సంస్థ మూడు సినిమాలనూ డీవీడీలుగా తెచ్చింది. ఇవాళ వాటిని చూస్తే గీతలు, మచ్చలు, ఫ్రేము వణుకు ముందుగా కంటబడతాయి. నిజానికి అవి చిన్న లోపాలే, పది నిమిషాల్లో కన్ను వాటికి అలవాటు పడుతుంది. పెద్ద లోపం ఛాయల్లో ఉంది. అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు రైలు చూడటానికి వెళ్లే రెల్లు పొలం షాటులో తెల్లటి పూలు, వాటి వెనక తెల్లబారిన ఆకాశం, దూరంగా నల్లటి పొగ ఉంటాయి. పూలకూ ఆకాశానికీ మధ్య ఛాయల తేడా చాలా కొద్ది. ప్రింటులో కాంట్రాస్టు పెరిగితే ముందు చెరిగిపోయేది ఆ కొద్దిపాటి తేడానే. పొగ నిలుస్తుంది, పూలు ఆకాశంలో కలిసిపోతాయి. పిల్లలు పూల వెనక దాగి తేలడంలోని లోతు పోయి, దృశ్యం బల్లపరుపుగా మిగులుతుంది.

మిఠాయివాడి వెంట పిల్లలూ కుక్కా నడిచిపోయే దృశ్యం చెరువు నీటిలో ప్రతిబింబంగా కనిపిస్తుంది. దానికీ ఇదే గండం. ప్రతిబింబం అసలు మనుషులకన్నా ఒక ఛాయ తక్కువలో ఉండాలి. పాత ప్రతులను కొత్తవాటితో పోల్చడానికి ఈ రెండు దృశ్యాలు చాలు.

అసలు మలుపు 2013లో మొదలైంది. డిస్కులు తెచ్చే అమెరికా సంస్థ క్రైటీరియన్ కలెక్షన్, అకాడమీ ఆర్కైవ్ కలిసి ఆ కాలిన డబ్బాలను తెరిపించి, ఇటలీలోని బొలోన్యా నగరంలో ఉన్న లిమాజినే రిత్రొవాతా ల్యాబుకు అప్పగించాయి. పెళుసుబారిన ఫిల్మును అక్కడ మళ్లీ తేమ ఎక్కించి మెత్తబరిచారు. కరిగిన టేపును, జిగురును, మైనాన్ని చేత్తో ఒలిచారు, తెగిన అంచులకు కొత్తగా రంధ్రాలు కట్టారు. దాదాపు వెయ్యి గంటల చేతిపని. దాని ఫలితంగా ‘పథేర్ పాంచాలి’లో సుమారు 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా అసలు నెగెటివ్ నుంచే స్కాన్ చేయగలిగారు. ‘అపుర్ సంసార్’ నెగెటివ్‌లో మిగిలింది వాడుకోవడానికి పనికిరాలేదు. లోటున్న చోటల్లా అకాడమీ, హార్వర్డ్ ఫిల్మ్ ఆర్కైవ్, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, జానస్ ఫిల్మ్స్ దగ్గరున్న ఫైన్‌గ్రెయిన్ పాజిటివ్‌లు, డూప్ నెగెటివ్‌లు ఆదుకున్నాయి. కొత్త రూపం 2015 మేలో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో తెరకెక్కింది. అంతకు అరవై ఏళ్ల ముందు ‘పథేర్ పాంచాలి’ని మొట్టమొదట ప్రదర్శించిన చోటు కూడా అదే. క్రైటీరియన్ బ్లూ-రే ఆ నవంబరులో వచ్చింది.

ఈ బ్లూ-రేను జాగ్రత్తగా చూసేవారికి ఒక సంగతి తెలుస్తుంది. బొమ్మ నాణ్యత సినిమా పొడవునా ఒకే తీరుగా సాగదు. అసలు నెగెటివ్ నుంచి వచ్చిన చోట మట్టిగోడ గరుకు, తడి ఆకు నునుపు, చీర నేత విడివిడిగా తెలుస్తాయి. కాపీ నుంచి వచ్చిన చోట రేణువులు కాస్త ముతకబారతాయి, ముఖాల మీది వెలుతురు కొద్దిగా చదునవుతుంది. కొందరు సమీక్షకులు దీన్ని లోపంగా లెక్కగడతారు. అది సరైన లెక్క కాదు. ఆ తేడాను మాయం చేయాలంటే మంచి భాగాన్ని కూడా మసకబరిచి కాపీ స్థాయికి దించాలి, లేదా కాపీ భాగంలో లేని వివరాన్ని కంప్యూటరుతో పుట్టించాలి. రెండూ సుబ్రత మిత్రా పనికి ద్రోహమే. అతుకులను ఉన్నచోట ఉండనిచ్చి, రెండు వైపుల ఛాయలను మాత్రం ఒకదానికొకటి దగ్గరచేయడం నిజాయితీ గల పద్ధతి. ఈ పునరుద్ధరణ గొప్పతనం అక్కడే ఉంది.

రేణువుల మీద ఈ పోలికల్లో వచ్చినంత తగువు మరి దేనిమీదా రాదు. ఫిల్ము బొమ్మ వెండి రేణువులతోనే ఏర్పడుతుంది. వాటిని చెత్త అనుకుని డిజిటల్‌గా తుడిచేస్తే వాటితో పాటు చర్మం మీది ముడత, జుట్టు పోగు కూడా పోతాయి. ఏ డిస్కులోనైనా ఇది కనిపెట్టడానికి సినిమాలోని ముసలామె ఇందిర్ ఠాక్రూన్ ముఖం చూడాలి. ఆ పాత్ర వేసిన చునీబాలా దేవి ముఖంలో లెక్కలేనన్ని ముడతలున్నాయి, ఆమె నటనలో సగం వాటిలోనే ఉంది. తుడిచిన బొమ్మలో ఆ ముఖం మైనపు బొమ్మలా నున్నగా అవుతుంది. 2015 ప్రతిలో ముడతలూ ఉన్నాయి, రేణువులూ ఉన్నాయి.

సమాచారాన్ని కుదించి డిస్కులో ఇరికించడంలో మరో పరీక్ష ఎదురవుతుంది. నిలకడగా ఉన్న గోడ తేలిక, ప్రతి అంగుళం కదిలే దృశ్యం కష్టం. ఈ సినిమాలో వాన, చెరువు మీది పురుగులు, గాలికి ఊగే రెల్లు, అన్నీ కష్టమైనవే. దుర్గ దొంగిలించిన గొలుసును చివర్లో అపు చెరువులోకి విసిరినప్పుడు, నాచు పక్కకు తొలగి మెల్లగా మళ్లీ కమ్ముకునే షాటు మరీ కష్టం. డీవీడీలో బొమ్మకు 480 లేదా 576 గీతలే, సెకనుకు దాదాపు 10 మెగాబిట్ల పరిమితి. అందులో ఆ నాచు చతురస్రపు ముక్కలుగా విరగడానికి వీలుంది. బ్లూ-రేలో 1080 గీతలు, సెకనుకు 40 మెగాబిట్ల దాకా వీలుంది. గొలుసు మీద నాచు మూసుకోవడమంటే దుర్గ రహస్యం మూసుకోవడమే కాబట్టి, ఆ షాటు ముక్కలైతే కథకే దెబ్బ.

శబ్దాన్ని పోలికల్లో చాలామంది ఒక్క వాక్యంతో దాటేస్తారు. రవిశంకర్ సంగీతం ఉన్న సినిమాకు అది అన్యాయం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. యూరప్‌లో, మన దేశంలో వాడిన పాల్ పద్ధతి టీవీ 25 నడుపుతుంది. పాల్ డీవీడీల్లో సాధారణంగా సినిమాను ఆ మేరకు వేగంగా తిప్పుతారు. 125 నిమిషాల చిత్రం 120 నిమిషాలకు ముగుస్తుంది. శ్రుతిని సరిదిద్దకపోతే స్వరం కూడా పైకి లేస్తుంది. ఒక స్వరస్థానం నుంచి పక్కదానికి ఉన్న దూరంలో దాదాపు 70 శాతం పెరుగుదల అది. సంగీతం తెలిసిన చెవికి ఇది చిన్న విషయం కాదు. దుర్గ మరణించిన సంగతి తండ్రి హరిహర్‌కు తెలిసే ఘట్టంలో తల్లి సర్వజయ ఏడుపు వినిపించదు. దాని స్థానంలో తార్ షెహనాయి పై స్థాయిలో మోగుతుంది. అసలే పదునైన ఆ నాదం, శ్రుతి పెరిగి, అరిగిన సౌండ్ ట్రాకు నుంచి వస్తే కీచుమంటుంది. ఏడుపును తీసేసి వాద్యాన్ని పెట్టిన రాయ్ నిర్ణయమే అతిగా తోస్తుంది. బ్లూ-రే 24 ఫ్రేములకే నడుస్తుంది, మోనో శబ్దాన్ని కుదించకుండా ఇస్తుంది. అక్కడ ఆ నాదం గుండెలోంచి వచ్చినట్టే ఉంటుంది.

ఫ్రేము అంచుల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. సినిమా పాత కొలతలో, ఎత్తు 1 అయితే వెడల్పు 1.37గా తీసింది. వెడల్పాటి టీవీలో అటూ ఇటూ నల్లటి పట్టీలు ఉండటమే సరి. తెర నిండాలని బొమ్మను సాగదీసే టీవీ అమరిక ఎంత మంచి డిస్కునైనా పాడుచేస్తుంది. సబ్‌టైటిళ్ల విషయానికొస్తే, బెంగాలీ రాని తెలుగు ప్రేక్షకులకు ఇంగ్లిష్ అనువాదమే దిక్కు. అవి బొమ్మ మీదే అచ్చుపడి ఉంటే, ఆ ప్రతి విదేశాలకు పంపిన ప్రింటు నుంచి వచ్చిందని అనుమానించాలి. వాటిని ఆపేయడానికి వీలుండదు, రెల్లుపూల మీద తెల్ల అక్షరాలు చదవడానికీ వీలుండదు.

డిస్కులను పక్కపక్కన పెట్టి చూసేవారు సాధారణంగా ఒకే ఫ్రేమును రెంటి నుంచి తీసి పోలుస్తారు. ఛాయలు, అంచులు, వివరం తెలుసుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. ఫ్రేము వణుకు, వెలుతురు మినుకు, వేగం, శబ్దం మాత్రం ఆగిన బొమ్మలో దొరకవు. పైగా ఎక్కువ కాంట్రాస్టు ఉన్న ఫ్రేము విడిగా చూసినప్పుడు ఎప్పుడూ ఆకర్షణీయంగానే ఉంటుంది. ‘అపరాజితో’లో దీని ప్రమాదం మరింత స్పష్టం. కాశీ ఇంటి ముంగిలి నిజానికి సెట్టు. పైన గుడ్డ కట్టి, దాని మీదికి దీపాలు వేసి, అక్కడి నుంచి తిరిగి పడే వెలుతురుతో సుబ్రత మిత్రా ఆకాశపు కాంతిని తెప్పించారు. ఆ వెలుతురుకు నీడ అంచులుండవు. కాంట్రాస్టు పెంచిన ఫ్రేము ఎంత మెరిసినా, అందులో ఆయన కనిపెట్టింది ఉండదు. అందుకే కనీసం ఒక రీలు నిడివిని వరుసగా చూశాకే తీర్పు చెప్పాలి.

క్రైటీరియన్ పెట్టెలో పునరుద్ధరణ గురించి దర్శకుడు కోగొనాడా చేసిన లఘుచిత్రం, నటులు సౌమిత్ర చటర్జీ, షర్మిలా టాగోర్‌లతో సంభాషణలు కూడా ఉన్నాయి. లఘుచిత్రాన్ని సినిమాకన్నా ముందు చూసినా నష్టం లేదు. తర్వాత వచ్చిన 4కె డిస్కు ఈ పునరుద్ధరణ మీదే ఆధారపడింది. అసలు నెగెటివ్ నుంచి వచ్చిన భాగాల్లో రేణువులు మరింత సహజంగా కూర్చోవడానికి అందులో చోటుంది. కాపీల నుంచి వచ్చిన భాగాలకు గీతలు పెరిగినా ఒరిగేది కొంచెమే. పాత డీవీడీ మాత్రమే ఉన్నవారికి బ్లూ-రే పెద్ద అంగ, బ్లూ-రే ఉన్నవారికి 4కె చిన్న అడుగు.

కొనేముందు డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్ల కోసం చేసిందో కూడా చూడాలి. అమెరికా బ్లూ-రే ‘ఎ’ ప్రాంతానిది, భారతదేశం ‘సి’లో ఉంది. ఇక్కడి మామూలు ప్లేయరులో అది ఆడదు, అన్ని ప్రాంతాలకూ పనిచేసే ప్లేయరు కావాలి. 4కె డిస్కులకు ప్రాంతాల కట్టుబాటు లేదు. హైదరాబాదులోనైనా డాలస్‌లోనైనా 4కె ప్లేయరు ఉంటే అదే డిస్కు ఆడుతుంది.