ఎర్రసిరా ప్రశ్నలు

తెలుగు మాస్టారి పనితనం నాకు కనిపించేది పాఠం చెప్పడంలో కన్నా వ్యాసం దిద్దడంలో. అడ్డతీగలలో అందుకు సరుకు ఊళ్లోనే ఉంది: 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. ఆయన కథతో 1974లో వచ్చిన సినిమాకి శ్రీశ్రీ రాసిన ‘తెలుగు వీర లేవరా’ పాటకు జాతీయ పురస్కారం వచ్చింది.

డిగ్రీ కుర్రాడు ‘ఈ పాట స్ఫూర్తిదాయకం’ అని రాసి చేతులు దులుపుకుంటాడు. గైడ్ల పుణ్యం! మంచి మాస్టారు ఆ వాక్యాన్ని కొట్టేయరు. పక్కన ఎర్రసిరాతో అడుగుతారు. ఏ చరణంలో? ఎవరికి? డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన రోడ్డు వెట్టి, అడవి చట్టాలు, రాజు అనుచరుడు గంటందొర కోపం ఇందులో ఉన్నాయా? లేక మన్యం జనమంతా ఒక్క నాయకుడి బొమ్మ వెనక దాగిపోయారా?

రెండోసారి రాసేటప్పుడు కుర్రాడు పల్లవి దగ్గరే ఆగి, రెండు పేజీలు వాదిస్తాడు. మాస్టారి మాట కూడా ఒప్పుకోడు.