నీటికి రెండో పని

2023 జూన్‌లో ఢిల్లీలో నాలుగో జాతీయ జల పురస్కారాలు ఇచ్చినప్పుడు దేశంలోనే ఉత్తమ జిల్లాగా ఒడిశాలోని మా గంజాం నిలిచింది. అదే వేదిక మీద ఉత్తమ గ్రామ పంచాయతీ బహుమతి తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జగన్నాథపురానికి దక్కింది. బరంపురంలో ఉండే తెలుగువాళ్లం రెండింటికీ సంతోషించాం. ఇలాంటి గౌరవాలు చెరువులనీ చెక్‌డ్యాంలనీ చూసి ఇస్తారు. మన వంటింటి తూములోంచి రోజూ ఎన్ని నీళ్లు పోతున్నాయో ఎవరూ వచ్చి చూడరు. ఆ లెక్క మనమే కట్టుకోవాలి.

ఈ నేలకి నీటి విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1866 నాటి కరువు చావుల తర్వాతే రుషికుల్య నది కాలవల ఆలోచన బలపడింది. ఆ శతాబ్దం ముగిసేలోగా సొరడలోనూ, రస్సెల్‌కొండ అనే నేటి భంజనగర్‌లోనూ జలాశయాలు కట్టారు. మా తరానికి ఆ పాఠం ఫైలిన్ చెప్పింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఆ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, మోటార్లు ఆగాయి, మేడ మీది ట్యాంకులు ఒట్టిపోయాయి. ఆ రోజుల్లో నిబ్బరంగా ఉన్నవి పెద్ద ముత్తైదువలున్న ఇళ్లే. పెరట్లో నుయ్యి ఉండటం ఒక్కటే కారణం కాదు. ఏ నీళ్లు ఏ పని తర్వాత ఏ పనికి వస్తాయో వాళ్ల చేతులకి తెలుసు.

నీటి పొదుపంటే తక్కువ వాడటమేనని చాలామంది అనుకుంటారు. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నది వేరు: ఒకసారి వాడిన నీళ్లకి రెండో పని చూపించడం. బియ్యం మొదటి కడుగు కుడితిలోకి, రెండో కడుగు పులుసులోకి. కూరలు కడిగిన నీళ్లు మొక్కలకి. తెల్లబట్టలు జాడించిన నీళ్లలో రంగుబట్టలు నానేవి, ఆఖరికి ఆ నీళ్లే అరుగు కడిగేవి. అంట్లనీళ్లు పారే చోట అరటి, చేమ వేసేవారు. ఒడియా ఇళ్లలో పఖాళ అనే నీళ్లన్నంలో అన్నం నానిన నీళ్లు కూడా తాగేస్తారు. ఇదంతా పేదరికం నేర్పిన సర్దుబాటు కాదు, పనితనం.

ఇప్పుడు ఆవులు లేవు, పెరడు లేదు. అయినా ఆ వరస పనికొస్తుంది. ఆర్‌వో యంత్రం ఒక లీటరు మంచినీళ్లిచ్చేలోగా మామూలుగా రెండు మూడు లీటర్లు పక్కగొట్టంలోంచి వదిలేస్తుంది. వాటిని బకెట్‌లో పడితే గచ్చు తుడవడానికీ అంట్లు మొదటిసారి కడగడానికీ చాలు. ఉప్పు ఎక్కువుంటుంది గనక మొక్కలకి మాత్రం రోజూ పొయ్యకండి. అసలు ఆ యంత్రం అవసరమా అన్నది ముందు చూసుకోవాలి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్న చోట ఆర్‌వో వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. నీళ్లు పరీక్ష చేయించాకే కొనండి.

వాషింగ్ మిషన్ ఆఖరి జాడింపు నీళ్లు మరుగుదొడ్డికి సరిపోతాయి. పాత ఫ్లష్ తొట్టి ఒక్కసారికి పది లీటర్లకు పైనే దింపుతుంది. షవర్ కింద పది నిమిషాలు నిలబడితే సుమారు వంద లీటర్లు పోతాయి. బకెట్, చెంబుతో ఇరవై లీటర్లలో స్నానం అయిపోతుంది. కారే కుళాయి కింద రాత్రి చెంబు పెట్టి పొద్దున్న చూడండి, ప్లంబర్‌ని పిలవాలో వద్దో అదే చెబుతుంది. పట్టిన నీళ్లు మాత్రం ఆ రోజే వాడెయ్యాలి. మూత లేకుండా నిలవుంటే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది.

వాన సంగతి కూడా చెప్పాలి. గంజాంలో ఏటా 1,300 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క మిల్లీమీటరు వానంటే వంద లీటర్లు. అంటే ఏడాదిలో లక్ష లీటర్లకు పైగా. తొలి జల్లు వదిలేసి మిగిలింది ఇంకుడుగుంతకి మళ్లిస్తే, ఎండాకాలంలో మన వీధి నూతికే అందుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఈ పనితనం ఇన్నాళ్లూ ఆడవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. పదిహేను లీటర్ల బిందె పదిహేను కిలోల బరువు. మోసినవాళ్లకే ఆ బరువు తెలిసింది, వాళ్లే పొదుపు చేశారు. ఇంట్లో మిగతావాళ్లకి కుళాయి తిప్పడం ఒక్కటే తెలుసు. అందుకే ఈ వారం పనులు పంచుకోండి. ఆర్‌వో బకెట్ ఇంటాయన చూసుకోవాలి, జాడింపు నీళ్లు కొడుకు ఎత్తాలి, మొక్కల నీళ్లు పిల్లలకి అప్పగించాలి. అమ్మ ఒక్కతే పొదుపు చేసే ఇంట్లో ఆ అలవాటు ఆమెతోనే ఆగిపోతుంది. అందరూ చేతులు కలిపిన ఇంట్లో అది వచ్చే తరానికి అందుతుంది.