బీదలపాట్లు: న్యాయసభలో మూఁడు స్థానములు

సాహిత్యపరిశోధనమునకై వెలసిన పత్రికలోఁ జలచ్చిత్రవిమర్శ మేల యని కొందఱు శంకింపవచ్చును. నాటకమును విమర్శించునపుడు కవినిగూర్చియు నటునిగూర్చియు రంగాలంకారమునుగూర్చియు మాటలాడుట మనకుఁ బూర్వమునుండి యలవాటే కదా. ఇందుఁ బరిశీలింపఁబోవు చిత్రము నవలనుండి పుట్టినది; నాటకరంగమున సిద్ధి వడసిన నటుఁడు దానిని మోసినాఁడు; ఆ నాటకరంగము మన చిత్తూరిది. ఇంతకంటె సమాధానము చెప్పఁబని లేదు.

విక్టర్ హ్యూగో 1862లోఁ బ్రకటించిన ‘లే మిజరాబ్ల్’ నవల నాధారముగాఁ గొని కోయంబత్తూరి పక్షిరాజా స్టూడియో యధిపతులు ఎస్. ఎం. శ్రీరాములు నాయుఁడుగారు 1950లో నొక్క కథను రెండు భాషలఁ జిత్రముగా నిర్మించిరి. తమిళమున దానికి ‘ఏళై పడుం పాడు’ అనియుఁ దెలుఁగున ‘బీదలపాట్లు’ అనియుఁ బేరులు. దర్శకులు కె. రామ్నాథుగారు. తెలుఁగునకు మాటలు, పాటలు కూర్చినవారు ఆరుద్రగారు. రెండు భాషలందును ఖైదీగా నటించినవారు చిత్తూరు వి. నాగయ్యగారు.

ముందుగాఁ బేరును విచారింతము. తమిళనామము కవియోగి శుద్ధానంద భారతిగారి నవలానువాదమునకుఁ గల పేరే. తమిళపు ‘పాడు’, తెలుఁగు ‘పాటు’ రెండును ‘పడు’ ధాతువునుండి కలిగినవి గాన తెలుఁగు పేరు తమిళమునకు నీడవలెఁ దోఁచును. కాని ‘ఏళై’ యేకవచనము, ‘బీదల’ బహువచనము. ఫ్రెంచి మూలమునను బహువచనమే. మన పలుకుబడి యొత్తిడిచేతఁ గావచ్చును, పడువాఁ డొక్కఁడైనను మనము పాట్లనియే యందుము. ఆ విధముగాఁ దెలుఁగు పేరు మూలమునకు మఱింత దగ్గఱ చేరినది. చిత్రము మాత్ర మేకవచనమే. వాటర్లూ రణభూమియు, 1832 నాఁటి పారిసు తిరుగుబాటును గల మహాగ్రంథమును మూఁడు గంటల కాలమున నిమిడించుట యసాధ్యము. కడకు నిలుచునవి రెండు ముఖములు: రొట్టె దొంగిలినవాని ముఖము, వానిని వేఁటాడు పోలీసువాని ముఖము.

ముఖములను జూపుటలో రామ్నాథుగారు క్రొత్తవారు గారు. వాహినీవారి ‘వందేమాతరము’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) చిత్రములకు వారే ఛాయాగ్రాహకులు. మూఁటికిని దర్శకులు బి. ఎన్. రెడ్డిగారు, మూఁటను నాగయ్యగారు ముఖ్యపాత్రధారులు. ముప్పదియాఱేండ్ల వయస్సున ‘సుమంగళి’లో వృద్ధుఁడైన పంతులుగా నాగయ్యగారిని నిలిపిన కెమెరా రామ్నాథుగారిదే. కాఁబట్టి 1950లో వీరు మరల నొకచోటఁ జేరునప్పటికి దర్శకునకు నటుని ముఖమున నే మడఁత యే వెలుఁగున నెట్లు పలుకునో కొట్టినపిండి. నలుపు తెలుపుల చిత్రమున వర్ణముల సాయము లేదు. బుగ్గ క్రింది నీడయే మాటలు పలుకవలెను. ఒక నటునిపై నిట్టి యెఱుక గల ఛాయాగ్రాహకుఁడు దర్శకుఁడగుట యా నటున కొక భాగ్యము.

‘దేవత’లో నాగయ్యగారి పాత్రము సీమకుఁ బోయి చదివివచ్చిన యువకుఁడు, ఇంటి పనిపిల్లను మోసగించును. అది పాపమే కాని చట్టమున నేరము గాదు. రొట్టె దొంగిలించుట నేరమే కాని పాప మగునో కాదో వివేకులు చెప్పవలెను. ఈ రెండు పాత్రలను ప్రక్కప్రక్కనుంచి చూచినచో నొక్క నటుఁడే యీ చిక్కుప్రశ్నకు నిరుప్రక్కల నిలువఁబడుట కనఁబడును.

నే నీ వ్యాసమునఁ జెప్పఁదలఁచిన విషయ మిచ్చటనే యున్నది. నాగయ్యగారు 1904లో రేపల్లెలో జన్మించిరి. వారి పేరునకు ముందు చిత్తూరు చేరినది యిచ్చటి రామవిలాససభ రంగమునందు సంపాదించిన ఖ్యాతివలన. ఆ రంగమున వారికిఁ బేరు దెచ్చిన వేషము సారంగధర నాటకమున చిత్రాంగి. కథ యందఱెఱిఁగినదే. సవతికొడుకును గామించి, యాతఁడు తిరస్కరింపఁగా, అతఁడే తన్నుఁ జెఱుపవచ్చెనని రాజరాజనరేంద్రునితో నిందవేసి కాలుసేతులు నఱికించిన స్త్రీ. అనఁగా న్యాయసభలో నాగయ్యగారు మొదట నధిష్ఠించిన స్థానము అబద్ధపు ఫిర్యాదిది.

1941లో రాజా చంద్రశేఖర్‌గారు తమిళమునఁ దీసిన ‘అశోక్ కుమార్’ చిత్రమునఁ ద్యాగరాజ భాగవతరు కునాలుఁడు, కన్నాంబ తిష్యరక్షిత, నాగయ్యగారు అశోకచక్రవర్తి. కథను జూడుఁడు: చిన్నరాణి సవతికొడుకును గోరుట, కాదనఁగాఁ బగఁబూనుట, నిరపరాధి కన్నులు పోఁగొట్టుకొనుట. పేరులు మాఱినవి, కాలుసేతులకు బదులు కన్నులు వచ్చినవి. కథ సారంగధరుని కథకుఁ దోఁబుట్టువే. కాని యీ సారి నాగయ్యగారు నింద వేయువారు గారు. నిందను నమ్మిన రాజు. రెండవ స్థానము న్యాయాధిపతిది.

పదియవ యేఁట మూఁడవ స్థానము, బోనులోనిది, వారికి లభించినది. ఫిర్యాది, న్యాయాధిపతి, నేరస్థుఁడు అను మూఁడు వేషములను నీ క్రమమున వేసిన నటులు మనలో నరుదు. నటునకుఁ బాత్రలన్నియు నొక్కటే, వేషము విప్పఁగనే మఱచునని వాదింపవచ్చును. నే నంగీకరింపను. చిత్రాంగి వేషమున నటుఁడు నేర్వవలసిన దేమి? నిష్కల్మషుఁడైన వానిని సభ యెట్లు సులువుగా దోషిగా భావించునో యది. అశోకుని వేషమున? నమ్మకముతోఁ దీర్పు చెప్పినవానికిఁ దరువాత నెట్టి వేదన కలుగునో యది. ఈ రెండు నేర్చిన కంఠము బోను నుండి పలుకునపుడు దానిలోఁ గోపము తక్కువయై జాలి యెక్కువ యగుట సహజము. నాగయ్యగారి ఖైదీ తన్ను శిక్షించినవారిపైఁ గూడ జాలిపడుచున్నట్లుండును. మందస్వరము, మాటకును మాటకును నడుమ నూరక నిలుచుట, కన్నులు దించి వినుట – ఇవన్నియు నా జాలికి సాధనములు.

ఇందే గుణమును, ఇందే దోషమును. 1942లోఁ బోతన, 1946లోఁ దామే దర్శకత్వము వహించి తీసిన చిత్రమునఁ ద్యాగయ్య, 1947లో వేమన. ఎనిమిదేండ్లలోఁ దెలుఁగు ప్రేక్షకుఁడు నాగయ్యగారిని మహాభక్తునిగాఁ జూచుట కలవాటుపడినాఁడు. అట్టివాని చేతికి సంకెల వేసినచో సభ యంతయుఁ దీర్పు ముందే చెప్పివేయును: వీఁడు దొంగ గాఁడు. హ్యూగో వ్రాసిన దది గాదు. అతని ఖైదీ రొట్టెకై యైదేండ్ల శిక్ష పొంది, పాఱిపోఁజూచినందున పందొమ్మిదేండ్లు చెఱలో మ్రగ్గి, పశుప్రాయుఁడై వెలువడును. ఆశ్రయమిచ్చిన మతగురువు వెండిపాత్రలనే యెత్తుకొనిపోవును. ఆ గురువు క్షమించి వెండి దీపస్తంభములుగూడ నిచ్చి పంపిన తరువాతనైన మాఱెనా? దారిలో నొక పిల్లవాని నాణెముపైఁ గాలువేసి హరించును. ఆ నాణెమే నవలకుఁ బ్రాణము. మనము భయపడవలసిన మనుష్యుఁడు మనుష్యుఁడగుట కథ. నాగయ్యగారిని జూచి యెవఁడు భయపడును? పోతన దొంగయైనచో నది నేరము గాదు, లీల యగును. ఈ లోపము నటునిది గాదనియు, ఆతని పూర్వకీర్తిదనియు నా తలంపు. కాని లోపము లోపమే.

అయినను ఖైదీ పేరు మార్చుకొని పురపాలకుఁడై ధర్మాత్మునిగాఁ బేరొందిన తరువాతి భాగమున నీ లోపమే గుణముగాఁ బరిణమించును. వేఱొక నిర్భాగ్యుని దానని భ్రమించి న్యాయస్థానము శిక్షింపఁబోఁగా, నవలలో నాతఁడు స్వయముగాఁ బోయి నేనే యా ఖైదీనని యొప్పుకొనును. ఒక్క క్షణమునఁ దానే ఫిర్యాది, తానే న్యాయాధిపతి, తానే దోషి. పైనిఁ జెప్పిన మూఁడు స్థానములు నొక్క శరీరమునఁ గూడు పాత్ర మిది. దీనికిఁ బోతనను మోసిన కంఠమే తగును. కండలు గల వీరనటుఁడు తగఁడు.

ఇఁక వేఁటగాఁడు. తమిళమున జావర్ అను పోలీసు పాత్రను ధరించినవారు సీతారామన్‌గారు. ఆ వేష మెంత యతికినదనఁగా వారి జీవితాంతము ‘జావర్’ సీతారామన్ అనియే లోకము పిలిచినది. 1935లో హాలీవుడ్డున బొలెస్లావ్‌స్కీ తీసిన చిత్రమునను నిట్లే జరిగినది. ఫ్రెడ్రిక్ మార్చి ఖైదీగా నటింపఁగా, జావేరుగా నటించిన చార్లెస్ లాటనునే జనము మఱవలేకపోయిరి. కారణ మూహింపవచ్చును. ఖైదీని మనము ప్రేమింతుము, పోలీసువానిని విచారింతుము. దుష్టుఁడు గాఁడు, లంచగొండి గాఁడు. ధర్మశాస్త్రము నక్షరశః పాటించి, యా యక్షరమునకు లోఁబడని దయ యొకటి యున్నదని తెలియఁగనే నదిలోఁ బడి చచ్చును. మన నాటకములలో నిట్టివాఁడు లేఁడు. వెంటఁబడువానికి మన భాషలో నక్షత్రకుఁడని పేరు; కాని యాతఁడు గురువు ఋణమునకై పీడించువాఁడు, తన నమ్మకమునకై కాదు. హరిశ్చంద్రుఁడు ధర్మమునకై భార్యపైనే కత్తియెత్తును. కాని యాతని హృదయము బ్రద్దలగుట మనకుఁ గనఁబడును. జావేరు హృదయము చివరివఱకును గనఁబడదు. సీతారామన్‌గారే తరువాత 1954లో ఎస్. బాలచందర్‌గారి ‘అంద నాళ్’ అను హత్యాపరిశోధనచిత్రమునకు రచయితయై, పరిశోధకునిగా నటించిరి. ఆ చిత్రమునఁ బాట యొక్కటియు లేదు. అది యిచ్చట నప్రస్తుతమైనను, వేఁటగాని బుద్ధి యొకమాఱు పట్టినవానిని విడువదని చెప్పుట కుదాహరించితిని.

ఆరుద్రగారి విషయమున నొక్కమాట. ‘త్వమేవాహమ్’ కావ్యమును 1949లోఁ బ్రకటించిన యిరువదియైదేండ్ల కవి మఱుసటి సంవత్సరమే యీ కథకు మాటలు వ్రాసెను. నీవే నేను అను నర్థముగల పేరు పెట్టుకొన్న కవికి, ఖైదీకిని లోకమునకును భేద మేమి యని ప్రశ్నించు కథ దొరకుట చక్కని యోగము.

తరువాతి దొంగలు వేఱుజాతివారు. శ్రీరాములు నాయుఁడుగారే 1954లో రామారావుగారితో ‘అగ్గిరాముడు’ తీసిరి. అందు దొంగతనము సాహసముగా మాఱినది. 1955లో నన్నపూర్ణావారి మొదటి చిత్రము ‘దొంగరాముడు’ మాత్రము బీదలపాట్లలోని లోపమునకు సమాధానముగాఁ దోఁచును. దుక్కిపాటి మధుసూదనరావుగారు, డి. వి. నరసరాజుగారు, దర్శకులు కె. వి. రెడ్డిగారు కలసి యల్లిన యా కథలో బాలుఁడు మొదటినుండియుఁ గొంటెవాఁడు. తల్లి రోగమునకు మందుకై దొంగిలించునప్పటికే వాని చేయి మంచిది గాదని మన మెఱుఁగుదుము. అందుచే వాని నేరమున కొక బరువు గలదు. పోతన కీర్తి లేని నాగేశ్వరరావుగారి ముఖమున నా బరువు నిలిచినది. 1972లో విఠలాచార్యగారి దర్శకత్వమున ‘బీదలపాట్లు’ పేరనే యీ కథ మరలఁ జిత్రమైనది.

1911లో నేర్పడిన మన చిత్తూరు మండలము తమిళాంధ్రముల యొరపు. 1960లోఁ దిరుత్తణి యావలికిఁ బోయినను నీ పొలిమేరలో నొక్క నోటనే రెండు భాషలు వినుట నేఁటికిని గలదు. ఒక్క నటుఁడు, ఒక్క దర్శకుఁడు, రెండు భాషలుగల యీ చిత్రయుగ్మమున ‘పాడు’ ఎచ్చట ‘పాటు’ అయినదో, ఎచ్చటఁ గానేరకపోయినదో, ఘట్టము ఘట్టముగా సరిపోల్చి చూడవలసి యున్నది. అందుకు రెండు చెవులును దెఱచియున్న యీ సరిహద్దువారే తగుదురు.